పద్నాలుగేళ్ల తర్వాత ఒక జడ్జి మళ్లీ వినాలి

ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 దగ్గర పడుతున్నాయంటే మా వైపు కొన్ని ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. సత్ప్రవర్తన ఉందని ముందే విడుదల చేసే ఖైదీల లిస్టు వచ్చిందా, అందులో మనవాడి పేరుందా అని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తారు. లిస్టు ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. వచ్చినా అందులో పేరు లేకపోతే, ఎందుకు లేదో చెప్పేవాళ్లు ఉండరు.

నేను రాజాం, చీపురుపల్లి మధ్య ఒక ఊళ్లో చాలాకాలం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పింఛను కోసం, రేషన్ కార్డు కోసం, పాసుపుస్తకంలో తప్పులు దిద్దించడం కోసం ఊరివాళ్లు నాచేత అర్జీలు రాయించుకుంటారు. జైల్లో ఉన్నవాళ్ల తరఫున రాసిన అర్జీలూ వాటిలో ఉన్నాయి. అవి రాస్తూ రాస్తూ నాకొక అభిప్రాయం గట్టిపడింది. జీవిత ఖైదు పడిన మనిషి పద్నాలుగేళ్లు జైల్లో గడిపాక, అతన్ని ఇంకా ఉంచాలా, వదలాలా అన్నది కోర్టులో తేలాలి. అందరి ముందు, రెండు పక్షాలనీ విని, కారణాలు రాసి తేల్చాలి. చనిపోయినవాళ్ల కుటుంబానికి అక్కడ కుర్చీ ఉండాలి, మాట ఉండాలి.

మా ఊరి కేసు చెబుతాను. పేర్లు రాయను. రెండు కుటుంబాల పొలాలు పక్కపక్కనే. నాట్ల సమయంలో గట్టు ఎవరు జరిపారన్న మాట దగ్గర మొదలైంది. నీళ్లు మళ్లించుకునే దగ్గర ముదిరింది. ఒక సాయంత్రం చేతిలో గునపం ఉన్నవాడు ఎదుటివాడి తల మీద కొట్టాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. చనిపోయినాయనకి భార్య, రెండో క్లాసు చదివే కూతురు. కొట్టినవాడికి అప్పటికి ఇరవై ఆరేళ్లు, ఇంట్లో నెలల పసిపాప. ఆ ఇద్దరు ఆడపిల్లలూ నా బడిలోనే చదివారు, కొన్నేళ్ల తేడాతో. ఒక పిల్లకి నాన్న శాశ్వతంగా పోయాడు. ఇంకో పిల్లకి నాన్న ఉన్నాడు, కానీ బడి ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర ఏం రాయాలో తెలియక ఆ పిల్ల నా మొహం చూసేది.

2008లో అతనికి హత్య నేరానికి, ఐపీసీ 302 కింద, జీవిత ఖైదు పడింది. అప్పీలుకి వెళ్తే హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత ఆ ఇంటికి లేదు.

జీవిత ఖైదంటే పద్నాలుగేళ్లని ఊళ్లో అందరూ అనుకుంటారు. పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు లెక్కేసి ఏడేళ్లకే వదిలేస్తారని చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజం కాదు. జీవిత ఖైదంటే బతికున్నంత కాలమూ ఖైదేనని సుప్రీంకోర్టు 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులోనే చెప్పింది. శిక్ష తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది. కానీ మరణశిక్షకు కూడా వీలున్న నేరాల్లో జీవిత ఖైదు పడితే, కనీసం పద్నాలుగేళ్లు జైల్లో గడపనిదే వదలకూడదని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఎ సెక్షన్ చేర్చారు. 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నిబంధన అలాగే ఉంది. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకున్న క్షమాభిక్ష అధికారానికి మాత్రం ఈ పద్నాలుగేళ్ల హద్దు లేదు. అంటే మామూలు దారిలో పద్నాలుగేళ్లు నిండితే తలుపు తెరుచుకోదు. తలుపు తట్టడానికి అర్హత వస్తుంది, అంతే.

అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. హత్య రుజువైతే కింది కోర్టు జడ్జి ముందున్నవి రెండే శిక్షలు. ఉరి, లేదా జీవిత ఖైదు. నిన్నటి 302లోనూ అంతే, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 103లోనూ అంతే. గట్టు దగ్గర కోపంలో గునపం ఎత్తినవాడూ, డబ్బు తీసుకుని కాపుకాసి నరికినవాడూ, ఉరి పడనంత వరకు ఒకే శిక్షతో బయటికొస్తారు. ఇతను ఎంత నేరం చేశాడు, ఎన్నాళ్లు చాలు అని తూచి చెప్పే అవకాశం ఆ జడ్జికి చట్టం ఇవ్వలేదు. కాబట్టి మా ఊరి మనిషికి ఎన్నేళ్లు సరిపోతాయన్న ప్రశ్న 2008లో ఏ కోర్టులోనూ చర్చకు రాలేదు. ఆ ప్రశ్న మొదటిసారి లేచేది పద్నాలుగేళ్ల తర్వాత, రెమిషన్ ఫైలులో, అంటే శిక్ష తగ్గింపు ఫైలులో.

ఇక్కడ ఒక వింత అన్యాయం ఉంది. శిక్ష పెంచాలంటే కోర్టులకు దారి దొరికింది. 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది, 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. ఇరవై, పాతిక, ముప్పై ఏళ్లపాటు రెమిషనే లేకుండా ఉండాలని హైకోర్టు, సుప్రీంకోర్టు చెప్పవచ్చు. ఆ పని తెరిచిన కోర్టులో, లాయర్ల వాదన విని, కారణాలతో జరుగుతుంది. శిక్ష తగ్గించాలంటే మాత్రం కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగాలి. అక్కడ ఖైదీ ఉండడు, లాయరు ఉండడు, బాధితులు ఉండరు. చివరికి జీ.ఓ. వస్తుంది, పేరుంటే ఉంటుంది. మనిషి శిక్షని పెంచే లెక్క వెలుతురులో, తగ్గించే లెక్క చీకట్లో జరగడం నాకు మింగుడుపడదు.

ఆ కాగితాల్లో ఏముంటుందో నాకు కొంత తెలుసు. జైలు సూపరింటెండెంట్ నడవడిక రాస్తారు. ప్రొబేషన్ అధికారి ఊరికి వచ్చి విచారించి రాయాలి. పోలీసులు రాస్తారు. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం అడగాలని చట్టంలోనే ఉంది. శిక్ష వేసిన జడ్జి గారు అప్పటికి బదిలీ అయ్యో, రిటైరయ్యో ఉంటారు. ఇప్పుడున్న జడ్జి ఆ మనిషిని ఎన్నడూ చూసి ఉండరు. పాత తీర్పు తిరగేస్తే ఆ సాయంత్రం, ఆ గునపం, ఆ రక్తం కనిపిస్తాయి. ఆ తర్వాత జైల్లో గడిచిన పదిహేడేళ్లు కనిపించవు.

మా ఊరి మనిషి విషయంలో అడ్డుపడింది పోలీసు రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం. విడుదల చేస్తే గ్రామంలో శాంతిభద్రతల సమస్య తలెత్తవచ్చని. ఎవరిని అడిగి రాశారో తెలియదు. చనిపోయినాయన భార్యని అడగలేదు, ఆమే నాకు చెప్పింది. అతను పెరోల్ మీద ఎన్నోసార్లు ఊరికి వచ్చాడు. తల్లి పోయినప్పుడు వచ్చి, కర్మలు చేసి, చెప్పిన తేదీకి జైలు గేటు దగ్గర నిలబడ్డాడు. అన్నిసార్లలో ఒక్క గొడవ కూడా జరగలేదు.

జైల్లో అతను టెన్త్ పాసయ్యాడు. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చేశాడు. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులో పనిచేశాడు. ఆ బంకులో రోడ్డు మీద పోయే జనానికి పెట్రోలు కొట్టేది శిక్ష పడిన ఖైదీలే. రోజంతా చేతిలో నోట్లు, ఎదురుగా హైవే. పారిపోవాలనుకుంటే అరక్షణం చాలు. ప్రభుత్వమే అతని చేతికి గల్లాపెట్టె ఇచ్చింది. అదే ప్రభుత్వం ఇంకో కాగితం మీద, ఇతన్ని ఊళ్లోకి వదిలితే ప్రమాదమని రాసింది. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఏది నిజం అని అడగడానికి ఎవరికీ అవకాశం లేదు. కోర్టులో అయితే లాయరు అడిగేవాడు. రాసిన అధికారి జవాబు చెప్పాల్సి వచ్చేది.

విడుదలకు ఏం చూడాలో తెలియక జరుగుతున్నది కాదు ఇది. 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ నేరం ఒక వ్యక్తికి జరిగినదా, సమాజాన్నే కుదిపినదా? మళ్లీ జరిగే అవకాశముందా? అతనిలో నేరం చేసే శక్తి ఇంకా మిగిలుందా? ఇంకా జైల్లో ఉంచితే ఏమైనా ప్రయోజనముందా? ఇంటి పరిస్థితి ఏమిటి? మా ఊరివాడు ఇప్పుడు నలభై అయిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, పెళ్లీడుకొచ్చిన కూతురితో ఉన్నాడు. పైన చెప్పిన ఒక్క వాక్యం ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబు కాదు. 2023లో జోసెఫ్ కేసులో, కేరళలో పాతికేళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషిని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పోలీసు రిపోర్టు మీదా, పాత నేరాన్నే చూసే జడ్జి అభిప్రాయం మీదా మాత్రమే ఆధారపడి, మనిషి ఎలా మారాడో చూడకపోవడం తప్పని.

దూరం గురించి కూడా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాలో గానీ విజయనగరం జిల్లాలో గానీ సెంట్రల్ జైలు లేదు. అంపోలులో జిల్లా జైలు ఉంది, మిగిలినచోట్ల సబ్ జైళ్లు. పెద్ద శిక్షలు పడినవాళ్లు విశాఖ సెంట్రల్ జైలుకు పోతారు. ఆడవాళ్లయితే రాజమండ్రి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ములాఖత్ కోసం వెళ్లే తల్లి తెల్లారకముందే బయల్దేరాలి, ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చులు, చేతిలో నాలుగు అరటిపళ్లు. జాలీ అవతల కొడుకు. మాట సగం వినబడదు. మొదటి రెండేళ్లు నెలనెలా వెళ్తారు. తర్వాత పండక్కి. ఆ తర్వాత వెళ్లే మనిషే ఉండదు. ఫైలు ఎక్కడుందో కనుక్కునేది ఎవరు మరి? ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లగలిగినవాళ్లు వెళ్తారు. పలుకుబడి లేనివాడి ఫైలుకి కాళ్లుండవు.

పలుకుబడి ఉన్నవాడి ఫైలు ఎలా నడుస్తుందో కూడా మన రాష్ట్రమే చూసింది. పదేళ్ల శిక్ష పడిన ఒక రాజకీయ నాయకుడికి గవర్నరు క్షమాభిక్ష ఇస్తే, చనిపోయినవారి కొడుకు కోర్టుకెళ్లాడు. ఏపూరు సుధాకర్ కేసుగా పేరుపడిన ఆ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఖైదీ ఫలానా పార్టీ మంచి కార్యకర్త అన్న మాట కూడా అధికారుల రిపోర్టులో ఉంది! కులం, మతం, రాజకీయ విధేయత చూసి క్షమాభిక్ష ఇవ్వకూడదని కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో బిల్కిస్ బానో కేసు (2002 అల్లర్లలో సామూహిక అత్యాచారం, హత్యలు) దోషులు పదకొండు మందిని వదిలేశారు. బయటికొచ్చినవాళ్లకి దండలు వేశారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, వాళ్లను మళ్లీ జైలుకు పంపింది. అసలు ఆ నిర్ణయం తీసుకునే అధికారమే గుజరాత్‌కు లేదని, విచారణ జరిగింది మహారాష్ట్రలో కనుక అది మహారాష్ట్ర చేతిలో ఉందని చెప్పింది.

బిల్కిస్ బానో తర్వాత నాతో చాలామంది అన్నారు, చూశారా మేడమ్, ఈ రెమిషన్ అనేదే ఉండకూడదు అని. నేను ఒప్పుకోను. ఆ పదకొండు మంది బయటికి రావడానికీ, మా ఊరి మనిషి బయటికి రాలేకపోవడానికీ కారణం ఒకటే. రెండు చోట్లా నిర్ణయం తలుపులు వేసుకుని జరిగింది. రెండు చోట్లా బాధితురాలిని ఎవరూ పిలవలేదు. బిల్కిస్ కేసులో శిక్ష వేసిన ముంబయి కోర్టు వద్దన్నా వినలేదు. తెరిచిన కోర్టులో అయితే అంత ఘోరమైన నేరానికి ఆ విడుదల నిలిచేదని నేను అనుకోను.

చనిపోయినాయన భార్య మా వీధి చివరే ఉంటుంది. జీడిపిక్కల పనికీ, ఉపాధి హామీ పనికీ వెళ్లి కూతుర్ని నర్సింగ్ చదివించింది. అతను వస్తే నీకెలా ఉంటుందని అడగడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. అడిగిన రోజు ఆమె కోప్పడలేదు. "ఆడొత్తే రానీ టీచరమ్మా. ఆడి కూతురు ఏటి తప్పు సేసింది? కానీ ముందు నాకు సెప్పాల. బస్టాండులో ఎదురుపడితే నాను ఏటవ్వాల?" అంది. కాసేపాగి, "ఆడు కూడా ఒక్క మాట సెప్పాల. కోర్టులో నాను సెయ్యలేదనీసినాడు. అది అబద్దం కదా" అంది.

ఆ రెండో మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. విచారణలో ముద్దాయి నేరం ఒప్పుకోడు, లాయరు ఒప్పుకోనివ్వడు. అది అతని హక్కు కూడా. అప్పీళ్లన్నీ అయ్యాక, ఇక పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు, అవును నేనే చేశాను అని చెప్పే చోటు మన వ్యవస్థలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఆమెకి ఆ మాట వినే చోటు కూడా లేదు. పద్నాలుగేళ్ల తర్వాత కోర్టులో విచారణ ఉంటే, ఖైదీకి స్వేచ్ఛ దొరికే అవకాశంతో పాటు ఆమెకి నిజం దొరికే అవకాశం కూడా ఉంటుంది. ఆమె వద్దంటే వదలకూడదని నేననడం లేదు. ఒక మనిషి బతుకుని తేల్చే బరువు ఆమె మీద పెట్టడం కూడా అన్యాయమే. ఆమెను పిలవాలి, వినాలి, ఆమె భయాలకు తగ్గట్టు షరతులు పెట్టాలి. ఖైదీల కూలిలో కొంత బాధితులకు పక్కనపెట్టవచ్చని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. మా వీధిలో ఆమె చేతికి మాత్రం ఒక్క రూపాయీ రాలేదు.

తీర్పు ఒకసారి అయ్యాక మళ్లీ తెరిస్తే కోర్టుకి విలువేముంటుందని అడుగుతారు. మంచి ప్రశ్నే. నేను నేరాన్ని మళ్లీ విచారించమనడం లేదు. చేశాడా లేదా అన్నది తేలిపోయింది, అది కదలదు. ఇంకా ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న. దానికి జవాబు 2008లో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఇరవై ఆరేళ్లవాడు నలభై అయిదుకి ఎలా ఉంటాడో ఏ జడ్జీ ముందుగా చూడలేడు.

ఇంగ్లండులో హత్యకు జీవిత శిక్ష వేసేటప్పుడే, కనీసం ఇన్నేళ్లు అని జడ్జి కోర్టులోనే చెబుతారు. ఆ తర్వాత పెరోల్ బోర్డు చూస్తుంది. అమెరికాలో శిక్షలు మనకంటే చాలా కఠినం. అక్కడే వాషింగ్టన్ డీసీలో, పద్దెనిమిదేళ్లలోపు నేరం చేసినవాళ్లు పదిహేనేళ్ల జైలు తర్వాత జడ్జి ముందు శిక్ష తగ్గించమని అడగవచ్చని చట్టం చేశారు. తర్వాత దాన్ని పాతికేళ్లలోపు వాళ్లకూ వర్తింపజేశారు. మేరీలాండ్‌లో 2012 నాటి అంగర్ తీర్పు వల్ల, దశాబ్దాల తరబడి జైల్లో ముసలివాళ్లయిపోయినవాళ్లు రెండు వందల మంది దాకా బయటికొచ్చారు. వాళ్లలో మళ్లీ నేరం చేసి జైలుకెళ్లినవాళ్లు బహు కొద్దిమంది. వయసు పెరిగేకొద్దీ హింస తగ్గుతుందని నేరశాస్త్రం ఎప్పట్నుంచో చెబుతోంది. ఊళ్లో పెద్దవాళ్లని చూసినా అది తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు, మన ఉత్తరాంధ్ర చరిత్రలోనే ఉంది. శ్రీకాకుళ నక్సలైట్ పోరాటంలో నాయకుడిగా ఉన్న నాగభూషణ్ పట్నాయక్‌కి 1970లో ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనన్నారు. ఉరి యావజ్జీవంగా మారింది. చివరికి తీవ్ర అనారోగ్యం వల్ల బయటికొచ్చారు. 1998లో పోయేదాకా బహిరంగ రాజకీయాల్లో తిరిగారు, మాట్లాడారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. కానీ ఉరితీసి ఉంటే ఆ రెండో సగం బతుకు ఉండేది కాదన్నది నిజం. ఆయన కోసం దేశంలో గొంతెత్తినవాళ్లున్నారు. గట్టు తగాదా ఖైదీ కోసం ఎవరెత్తుతారు?

కొందరిని వదలకూడదు. పిల్లల్ని చంపినవాళ్లు, అత్యాచారం చేసి చంపినవాళ్లు, మనుషుల్ని చంపడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు. విని కూడా వద్దని చెప్పే అధికారం జడ్జికి ఉండాలి. వద్దంటే ఎందుకో రాయాలి, మళ్లీ ఎప్పుడు అడగవచ్చో చెప్పాలి. వినడానికీ వదలడానికీ తేడా ఉంది. ఇంకో సంగతి. మన ఏజెన్సీ నుంచి గంజాయి మోసి పట్టుబడిన కుర్రాళ్లకి రెమిషనే లేదు. మాదకద్రవ్యాల (ఎన్.డి.పి.ఎస్.) చట్టం 32ఎ సెక్షన్ దాన్ని మూసేసింది. మూట మోసిన గిరిజన కుర్రాడికి లేని అవకాశం హత్య చేసినవాడికి ఉండడం గురించి వేరే రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

ప్రభుత్వం తలుచుకుంటే కదలదని కాదు. 2020 నవంబరులో మన రాష్ట్రం జీవిత ఖైదు పడిన 53 మంది మహిళలను వదలాలని ఉత్తర్వులిచ్చింది. మంచి పని. కానీ ఒక ఏడాది మంచి ప్రభుత్వం, ఒక మంచి అధికారి, ఒక మంచి ఉత్తర్వు మీద ఆధారపడే స్వేచ్ఛ హక్కు అనిపించుకోదు. ఆ జీ.ఓ.కి ముందు పోయిన సంవత్సరాలు, దాని షరతుల్లో ఇమడక లోపలే ఉండిపోయినవాళ్ల సంవత్సరాలు ఎవరి లెక్క?

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. రెమిషన్ విధానం ఉన్న ప్రతి రాష్ట్రమూ, ఖైదీ అర్జీ పెట్టకపోయినా, అర్హత వచ్చిన వెంటనే అతని కేసు చూడాలి. కాదంటే క్లుప్తంగానైనా కారణాలు రాయాలి. ఆ ఉత్తర్వు ఖైదీ చేతికి అందాలి, దాన్ని సవాలు చేసే హక్కుందని అతనికి చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ కాపీ వెళ్లాలి. అంతకుముందే 2024 అక్టోబరులో ఒక గుజరాత్ కేసులో, రెండేళ్లపాటు మర్యాదగా ప్రవర్తించాలి లాంటి అస్పష్టమైన షరతులు చెల్లవని కోర్టు చెప్పింది. ఎవరి మీద కోపం వచ్చినా మర్యాద తప్పాడని లోపల వేసేయవచ్చు కదా మరి.

కాబట్టి మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో పద్నాలుగేళ్లు దాటిన ఖైదీ ఉంటే, జైలు సూపరింటెండెంట్‌కి ఒక ఉత్తరం రాయండి. కేసు ఎప్పుడు పరిశీలించారు, ఏమని తేల్చారు, కాదన్న ఉత్తర్వు కాపీ ఏది అని అడగండి. పెరోల్ మీద వచ్చి వెళ్లిన తేదీలు, జైల్లో చదివిన చదువుల సర్టిఫికెట్లు, పనిచేసిన చోట రాసిచ్చిన కాగితాలు జతచేయండి. శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల ఆవరణల్లో న్యాయసేవాధికార సంస్థల ఆఫీసులున్నాయి. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఫోన్ నంబరు 15100. చనిపోయినవాళ్ల కుటుంబమైనా సరే, ఆ ఆఫీసుకే వెళ్లి, విడుదల గురించి తేల్చేముందు మాకు చెప్పండి, మా మాట వినండి అని రాతపూర్వకంగా అడగండి. మా వీధి చివరి ఆమె అర్జీ నేనే రాసిపెట్టాను. రెండు అర్జీలూ ఒకే రోజు ఇచ్చాం, ఆమెదీ, అతని కూతురిదీ.